ఒక్క గట్టి మందు చాలదా?

పరకాల వైపు పల్లె నుంచి వచ్చిన ఒక పత్తి రైతు, భార్యకు మూడో సైకిల్ కీమో, అంటే మూడో విడత క్యాన్సర్ మందులు, ఎక్కిస్తున్న రోజున మా మందుల గది కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

“సార్, సీసా మీద సీసా పెడుతున్నారు. ఇన్ని రకాలు ఎందుకు? ఒక్క గట్టి మందు ఇస్తే చాలదా? ఆమె తట్టుకోలేకపోతోంది.”

హనుమకొండలో కీమో మందులు కలిపి వార్డుకు పంపే ఫార్మసిస్టును నేను. వారానికి ఒకరైనా ఈ ప్రశ్న అడుగుతారు. చాలాసార్లు “డాక్టరు గారు ఆలోచించే రాశారు” అని చెప్పి పంపేస్తాం. అది తప్పు జవాబు కాదు, కానీ దానివల్ల అడిగిన మనిషికి కొత్తగా తెలిసిందేమీ ఉండదు. ఏమీ తెలియని మనిషి తర్వాతి సైకిల్‌కు రాకుండా ఇంటి దగ్గరే ఆగిపోవచ్చు. అలా ఆగిపోయినవాళ్లను చూశాను కాబట్టే, ఆ రోజు ఆయనతో మాట్లాడిన మాటలకు, మాట్లాడేందుకు తీరిక దొరకని మాటలు కూడా చేర్చి ఇక్కడ రాస్తున్నాను.

ఆమెకు వచ్చింది లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్. ఆ రోజు నా ట్రేలో మొదట ఉన్నది రిటుక్సిమాబ్. చూడటానికి నీళ్లలా ఉండే యాంటీబాడీ మందు. గంటల తరబడి నెమ్మదిగా ఎక్కాలి. దాని పక్కన డాక్సోరూబిసిన్. వార్డులో అందరికీ అది “ఎర్ర మందు”. ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. ముందే చెప్పకపోతే రక్తం పడుతోందని ఇంటిల్లిపాదీ హడలిపోతారు. తర్వాత విన్‌క్రిస్టిన్. ఒక్కసారికి రెండు మిల్లీగ్రాములు దాటదు. దాన్ని సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ సంచిలో కలిపి పంపుతాం, ఎందుకంటే పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే ప్రాణం పోతుంది. చివరిది సైక్లోఫాస్ఫమైడ్, తెల్ల పొడి. పూర్తిగా కరిగేదాకా సీసాను ఓపిగ్గా ఆడించాలి. ఇవి కాక ఐదు రోజులు ఇంటి దగ్గర వేసుకునే ప్రెడ్నిసలోన్ మాత్రలు. ఇరవై ఒక్క రోజులకోసారి, మామూలుగా ఆరుసార్లు.

ఈ ఐదూ క్యాన్సర్ కణాన్ని ఐదు వైపుల నుంచి కొడతాయి. సైక్లోఫాస్ఫమైడ్ డీఎన్‌ఏ పోగులను ఒకదానికొకటి అతికించేస్తుంది. డాక్సోరూబిసిన్ ఆ పోగుల మెలికలు విప్పే ఎంజైమును పట్టి బిగిస్తుంది. విన్‌క్రిస్టిన్ మన వాకిళ్లలో పూసే బిళ్ళగన్నేరు నుంచి తీసిన మందు. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరో వైపుకు లాగే సన్నని దారాలను అది అల్లుకోనివ్వదు. ప్రెడ్నిసలోన్ లింఫు కణాలు వాటంతట అవే చచ్చేలా చేస్తుంది. రిటుక్సిమాబ్ అసలు లోపలికే వెళ్లదు. కణం పైనున్న సీడీ20 అనే గుర్తును పట్టుకుని, శరీర రక్షణ వ్యవస్థకు దాన్ని చూపిస్తుంది.

ఇన్ని వైపుల నుంచి ఎందుకు కొట్టాలో తెలియాలంటే, ముందు మనం రోజూ వాడే ఒక మాటను సరిచేసుకోవాలి. మందు పనిచేయడం మానేస్తే “మందుకు అలవాటు పడింది” అంటాం. చేలో పురుగు గురించీ ఇదే మాట, జబ్బు గురించీ ఇదే మాట. తాగగా తాగగా మనిషి కల్లుకు అలవాటు పడినట్టు, ఒక్కో కణమూ మందును కొద్దికొద్దిగా ఓర్చుకోవడం నేర్చుకుంటుందన్న ఊహ ఇందులో ఉంది. కొన్ని కణాలు అలా కొంతకాలం నక్కి ఉండి బతికే మాట నిజమే. కానీ ఎక్కువగా జరిగేది వేరు. మందు ఒంట్లో పడకముందే, ఆ మందుకు చావని కణాలు గడ్డలో కొన్ని పుట్టి ఉంటాయి. కణం చీలిన ప్రతిసారీ డీఎన్‌ఏకు నకలు తీయాలి, నకలులో తప్పులు దొర్లుతాయి, కోట్ల తప్పుల్లో ఏదో ఒకటి కణానికి కలిసొస్తుంది. మందు మిగతావాటిని చంపి, వీటికి చోటు ఖాళీ చేసి ఇస్తుంది. 1943లో లూరియా, డెల్‌బ్రూక్ అనే శాస్త్రవేత్తలు బ్యాక్టీరియాలో ఈ సంగతి నిరూపించారు. 1952లో లాయిడ్ లా అనే పరిశోధకుడు ఎలుకల ల్యుకేమియా (రక్త క్యాన్సర్) కణాల్లోనూ ఇంతేనని చూపించారు.

ఇది చెబుతుంటే ఆ రైతు తల ఊపారు. “పత్తిలో పురుగూ అంతే సార్. మందు కొట్టాక మిగిలిన నాలుగు పురుగులే మళ్లీ చేనంతా అవుతాయి” అన్నారు.

ఆ నాలుగు ఎన్నో లెక్క వేద్దాం. శనగ గింజంత గడ్డలో, అంటే సెంటీమీటరు అడ్డుకొలత, గ్రాము బరువు ఉన్నదానిలో, దాదాపు వంద కోట్ల కణాలుంటాయి. ఒక మందుకు లొంగని కణం పది లక్షల్లో ఒకటి అనుకుందాం. అప్పుడు ఆ గింజంత గడ్డలో అలాంటివి వెయ్యి ఉంటాయి. మందు ఎంత గట్టిదైనా ఆ వెయ్యీ మిగిలిపోతాయి. ఇప్పుడు వేరే తీరున పనిచేసే రెండో మందును తీసుకుందాం. దానికి లొంగనివీ పది లక్షల్లో ఒకటే అనుకుంటే, రెండింటికీ లొంగని కణం లక్ష కోట్లలో ఒక్కటి. వంద కోట్ల గడ్డలో అలాంటిది ఒక్కటైనా ఉండే అవకాశం వెయ్యింట ఒకటి. మూడో మందు కలిస్తే ఇంకా తగ్గుతుంది. అసలు గడ్డల్లో లెక్క ఇంత శుభ్రంగా ఉండదు, దాని గురించి ముందుకెళ్లాక చెబుతాను. కానీ వైద్యులు కలిపి ఇవ్వడం మొదలుపెట్టింది ఈ లెక్క మీదే.

ఈ లెక్కకు ప్రాణం “ఒకేసారి” అన్న మాటలో ఉంది. మొదటి మందు ఒక్కటే ఇచ్చి, మిగిలిన వెయ్యి కణాలు మళ్లీ వంద కోట్లకు పెరిగాక రెండోది మొదలుపెట్టారనుకోండి. ఆ వంద కోట్లూ మొదటి మందుకు లొంగనివే. వాటిలో రెండోదానికీ లొంగనివి మళ్లీ వెయ్యి తయారై ఉంటాయి. రెండు మందులూ వాడినట్టే ఉంటుంది, రెండూ ఒంటరిగా ఓడిపోతాయి.

ఓరుగల్లు పత్తి రైతు ఇది తన చేలోనే చూశాడు. 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చినప్పుడు అందులో ఉన్నది పురుగును చంపే ఒక్క జన్యువు. 2006లో రెండు జన్యువుల విత్తనం వచ్చింది. ఒకదాన్ని తట్టుకున్న పురుగును రెండోది చంపుతుందని ఆశ. కానీ అప్పటికే నాలుగేళ్లుగా పురుగు మొదటి జన్యువు జల్లెడలో పడి వడకట్టబడుతోంది. ఆ తర్వాత కూడా పాత విత్తనం, కొత్త విత్తనం పక్కపక్క చేలల్లోనే సాగాయి. 2010లో గుజరాత్ చేలల్లో గులాబీ రంగు పురుగు మొదటి జన్యువుకు లొంగడం లేదని బయటపడింది. అంటే ఆ పురుగు వరకు రెండు జన్యువుల విత్తనం ఒక్క జన్యువు విత్తనంగానే మిగిలింది. మరికొన్నేళ్లకు ఆ రెండోదీ చేతులెత్తేసింది. కాయ విప్పితే లోపల గులాబీ రంగు పురుగు. ఆ రైతు చేతికి అది ఎన్నిసార్లు తగిలిందో నేను అడగలేదు.

క్యాన్సర్ వైద్యం కూడా ఒంటి మందుతో దెబ్బతినే నేర్చుకుంది. ఆ కథ మొదట్లోనే ఒక తెలుగువాడున్నారు. భీమవరంలో పుట్టి అమెరికా వెళ్లిన ఎల్లాప్రగడ సుబ్బారావు, లెడర్లే ప్రయోగశాలలో తన బృందంతో ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందులు తయారుచేయించారు. అమినోప్టెరిన్ అక్కడిదే, ఇవాళ్టికీ మేం రోజూ వాడే మెథోట్రెక్సేట్ అక్కడిదే. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు ఆ అమినోప్టెరిన్‌ను ల్యుకేమియా పిల్లలకు ఇచ్చి 1948లో ఫలితాలు ప్రచురించారు. రోజులు లెక్కపెట్టుకుంటున్న పిల్లల్లో కొందరు లేచి ఆడుకున్నారు. కొన్ని నెలలకు జబ్బు తిరిగి వచ్చింది. ఈసారి మందుకు లొంగలేదు. సుబ్బారావు ఆ ఏడాదే కన్నుమూశారు. తన మందు మరికొన్ని మందులతో జత కూడి పిల్లలను నిలబెట్టడం ఆయన చూడలేదు.

దారి చూపింది క్షయ. స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇస్తే కొద్ది నెలల్లో క్షయ క్రిమి మొండికేసింది. దానికి ఇంకో మందు జత చేస్తే మొండికేయడం బాగా తగ్గిందని బ్రిటన్ వైద్యులు 1950 నాటికి తేల్చారు. ఇవాళ క్షయ రోగికి మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిపి ఇచ్చే పద్ధతికి మూలం అదే. 1960ల మొదట్లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో ఎమిల్ ఫ్రై, ఎమిల్ ఫ్రైరైక్ అనే ఇద్దరు వైద్యులు ఆ ఆలోచనను పిల్లల ల్యుకేమియాకు తెచ్చారు. విన్‌క్రిస్టిన్, మెథోట్రెక్సేట్, మెర్కాప్టోప్యూరిన్, ప్రెడ్నిసోన్, నాలుగూ ఒకేసారి. అంత చిన్న పిల్లలకు ఇన్ని విషాలా అని తోటి వైద్యులే తప్పుపట్టారు. ఆ దారిలో మెట్టు మెట్టుగా మెరుగుపరుస్తూ వస్తే, వైద్య వసతులు బాగా ఉన్న దేశాల్లో ఇప్పుడు ఆ పిల్లల్లో దాదాపు 90 శాతం మంది బతుకుతున్నారు.

ఇక్కడిదాకా విన్నాక ఆ రైతు అడిగింది నాకు బాగా నచ్చిన ప్రశ్న. “అయితే మేం ట్యాంకులో రెండు మూడు మందులు కలిపి కొడతాం కదా సార్, పురుగు చావదెందుకు?”

ట్యాంకులో ఏం కలుపుతున్నారన్నదే అసలు సంగతి. మోనోక్రోటోఫాస్, క్వినాల్‌ఫాస్ కలిపితే పేర్లు రెండు, డబ్బాలు రెండు, కానీ జాతి ఒకటే. పురుగులో రెండూ కొట్టేది ఒకే ఎంజైమును. ఒకదాని నుంచి తప్పించుకున్న పురుగు రెండోదాని నుంచీ తప్పించుకోగలదు. కీమోలో ఇంతకంటే చిక్కైన ఇబ్బంది ఉంది. అక్కడ అసలు సంబంధమే లేని మందులకు కూడా తప్పించుకునే దారి ఒకటే కావచ్చు. 1976లో జూలియానో, లింగ్ అనే శాస్త్రవేత్తలు కణం పొరలో ఒక ప్రొటీన్‌ను కనుగొన్నారు. దాని పేరు పి-గ్లైకోప్రొటీన్. అది ఒక తోడుబావి మోటారు లాంటిది. లోపలికి వచ్చిన మందును తోడి బయట పోస్తుంది. ఎర్ర మందును తోడుతుంది, బిళ్ళగన్నేరు మందును తోడుతుంది, వేరే కీమో మందులైన పాక్లిటాక్సెల్‌నూ ఎటోపోసైడ్‌నూ తోడుతుంది. ఈ మోటారును ఎక్కువగా బిగించుకున్న కణానికి నాలుగు మందులూ ఒకటే. ఇందాకటి లక్ష కోట్ల లెక్క అక్కడ కూలిపోతుంది.

మరి మోటారుకే అడ్డం వేస్తే? 1981లో జపాన్ శాస్త్రవేత్తలు గుండె జబ్బుకు, బీపీకి వాడే వెరాపమిల్ ఆ పని చేయగలదని ప్రయోగశాలలో చూపించారు. ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను. దానికంటే పదునైనవి, వాల్‌స్పొడార్, టారిక్విడార్ వంటివి తయారుచేసి రోగుల మీద పెద్ద పరీక్షలు చేశారు. ఏదీ నిలబడలేదు. ఎందుకంటే ఆ మోటారు క్యాన్సర్ కణం సొంత సొత్తు కాదు. మన పేగుల్లో, కాలేయంలో, మూత్రపిండాల్లో, మెదడు రక్తనాళాల గోడల్లో విషాలను బయటికి తోడేది అదే. దాన్ని ఆపితే కీమో మందు ఒంట్లోంచి పోక పేరుకుంటుంది, మోతాదు తగ్గించాల్సి వస్తుంది, లాభం అక్కడే ఆవిరవుతుంది. అందుకే నేడు మోటారును ఆపడం కంటే, మోటారుకు అందని మందును జత చేయడమే ఎక్కువ ఫలించింది. సైక్లోఫాస్ఫమైడ్ దానికి చిక్కదు. రిటుక్సిమాబ్ లోపలికే రాదు కాబట్టి తోడే ప్రశ్నే లేదు.

జత కట్టేటప్పుడు ఇంకో లెక్క కూడా చూడాలి. అది రోగి వైపు నుంచి చూసే లెక్క. రెండు మందులూ ఎముక మజ్జనే దెబ్బతీస్తే తెల్ల రక్తకణాల కౌంటు పడిపోయి, క్యాన్సర్ కంటే ముందు జ్వరం మనిషిని తీసుకుపోతుంది. విన్‌క్రిస్టిన్ మజ్జ జోలికి పెద్దగా పోదు. దాని దెబ్బ నరాల మీద. పాదాలు తిమ్మిరెక్కుతాయి, చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతుంది, మలబద్ధకం వస్తుంది. ఎర్ర మందు గుండె కండరాన్ని కూడా దెబ్బతీస్తుంది కాబట్టి ముందే ఎకో, అంటే గుండె స్కాన్, తీయించి, జీవితం మొత్తం మీద ఇంతకు మించకూడదని లెక్క రాసుకుంటూ పోతాం. బాధను తలా కొంత పంచితే, ప్రతి మందునూ దాదాపు పూర్తి మోతాదులో ఇవ్వగలుగుతాం. “ఆమె తట్టుకోలేకపోతోంది” అన్న ఆయన మాటకు నిజమైన జవాబు ఇదే. ఒక్క గట్టి మందును మరింత గట్టిగా ఇస్తే ఆ బరువంతా ఒక్క అవయవం మీదే పడుతుంది.

ఎన్ని ఎక్కువ కలిపితే అంత మేలా అంటే, అదీ కాదు. లింఫోమాకు నాలుగు మందుల పాత పద్ధతి ఉండగా, ఆరు మందులని, ఎనిమిది మందులని కొత్త పద్ధతులు పుట్టుకొచ్చాయి. అన్నింటినీ 899 మంది రోగుల్లో పక్కపక్కన పెట్టి చూసిన ఫలితం 1993లో వచ్చింది. బతికినవారి లెక్కలో తేడా లేదు. బాధ మాత్రం కొత్తవాటిలో ఎక్కువ. ఆ తర్వాత ముందడుగు పడింది 2002లో, అదే పాత నాలుగింటికి రిటుక్సిమాబ్ ఒక్కటి చేర్చినప్పుడు. 399 మంది పెద్ద వయసు రోగుల్లో రెండేళ్లకు బతికి ఉన్నవారు 57 శాతం నుంచి 70 శాతానికి పెరిగారు. ఊరికే సంఖ్య పెంచిన మందులు చేయలేని పనిని, పూర్తిగా వేరే దారిన వచ్చే ఒక్క మందు చేసింది.

ఈ ఐదు మందుల మధ్య ఏదో రసాయన స్నేహం ఉందని, ఒకటి మరొకదానికి బలమిస్తుందని నేనూ చాలాకాలం అనుకున్నాను. 2019లో హార్వర్డ్‌లో పామర్, సోర్గర్ బృందం ఈ ఐదింటినే ప్రయోగశాలలో లింఫోమా కణాల మీద జాగ్రత్తగా పరీక్షించింది. ఒకదాని బలాన్ని మరొకటి పెంచడం పెద్దగా కనబడలేదు. కనబడింది వేరు: ఒకదానికి లొంగని కణాలు మిగతావాటికి లొంగుతున్నాయి. ఆరు దశాబ్దాల నాటి పాత లెక్క సరైనదేనని తేలింది.

నిజంగా బలమిచ్చే జతలు లేకపోలేదు. నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది ఫోలినిక్ యాసిడ్. అది క్యాన్సర్ మందు కాదు, విటమిన్ జాతిది. పెద్దపేగు క్యాన్సర్‌లో ఫ్లోరోయురాసిల్ అనే కీమో మందుతో కలిపి ఇస్తే, ఆ మందు పట్టుకున్న ఎంజైమును వదలకుండా బిగించి ఉంచుతుంది, దెబ్బ గట్టిగా తగులుతుంది. అదే ఫోలినిక్ యాసిడ్‌ను, భారీ మోతాదు మెథోట్రెక్సేట్ ఎక్కించిన పిల్లవాడికి మర్నాడు ఇస్తే, మంచి కణాలను ఆ మందు నుంచి కాపాడుతుంది. ఒక చోట కత్తికి పదును, ఇంకోచోట డాలు. గడియారం చూసి ఇవ్వాలి, గంటలు తప్పితే ప్రమాదం. వరస కూడా అంతే ముఖ్యం. పాక్లిటాక్సెల్, సిస్‌ప్లాటిన్ ఒకే రోజు ఇస్తే పాక్లిటాక్సెల్ ముందు వెళ్లాలి. తిరగేస్తే అది ఒంట్లోంచి త్వరగా పోదు, కౌంటు మరింత పడిపోతుంది.

అందుకే ఇంటి దగ్గర జరిగే కలపడం నన్ను భయపెడుతుంది. వైద్యుడు రాయని మందు కూడా జతలో చేరిపోతుంది, ఎవరికీ తెలియకుండానే. మన దగ్గర తామరకు మెడికల్ షాపులో ఇట్రాకొనజోల్ తెచ్చుకుని వేసుకోవడం మామూలైపోయింది. విన్‌క్రిస్టిన్ నడుస్తున్న మనిషి అది వేసుకుంటే కాలేయం విన్‌క్రిస్టిన్‌ను విరగ్గొట్టలేక, నరాలు తీవ్రంగా దెబ్బతింటాయి. మెథోట్రెక్సేట్ మీద ఉన్నవారు ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ లాంటి మాత్ర వేసుకుంటే మెథోట్రెక్సేట్ మూత్రంలో పోవడం మందగిస్తుంది. మెర్కాప్టోప్యూరిన్ వాడుతున్నవారికి యూరిక్ యాసిడ్‌కని అల్లోపురినాల్ రాస్తే, మెర్కాప్టోప్యూరిన్‌ను నాలుగో వంతుకు తగ్గించాలి, లేకపోతే కౌంటు కుప్పకూలుతుంది. కషాయాల సంగతీ దాచకుండా చెప్పమని అందరినీ బతిమాలుతాను. చెబితే ఎవరూ తిట్టకూడదు, తిడితే రెండోసారి చెప్పరు.

ఆ రైతు ఆఖరున అడిగింది డబ్బు గురించో, మందుల గురించో కాదు. మెడ కింద గడ్డలు రెండో సైకిల్‌కే కరిగిపోయాయి, చేతికి తగలడం లేదు. నాలుగో సైకిల్ నాటికి పత్తి ఏరే పని మొదలవుతుంది, కూలీలు దొరికే రోజులు అవే. పది పదిహేను రోజులు ఆలస్యంగా వస్తే ఏమవుతుందని.

వంద కోట్ల కణాల్లో వెయ్యికి 999 చచ్చినా పది లక్షలు మిగులుతాయి. పది లక్షల కణాలు ఏ వేలికీ తగలవు, ఏ స్కానుకూ చిక్కవు. ప్రతి సైకిల్ ఉన్నవాటిలో ఇంత భాగమని చంపుతుంది కానీ ఇన్ని అని లెక్కపెట్టి చంపదు. అందుకే గడ్డ కనిపించకుండా పోయాక కూడా ఇన్ని సైకిళ్లు. రొమ్ము క్యాన్సర్‌లో మిలాన్ వైద్యులు బొనడొన్నా, వలగుస్సా 1981లో పాత రికార్డులు తిరగేసి చూశారు. అనుకున్న మోతాదులో 85 శాతం పైగా అందినవారిలో 77 శాతం మందికి ఐదేళ్లలో జబ్బు తిరగబెట్టలేదు. 65 శాతం కంటే తక్కువ అందినవారిలో అది 48 శాతమే, కీమో అసలు తీసుకోనివారికి దగ్గరగా. బలహీనంగా ఉన్నవారికే తక్కువ అంది ఉండవచ్చు కాబట్టి తేడా అంతా మోతాదుదే అనలేం. కానీ ఆ అంకెలు చూశాక ఒక్క రోజు ఆలస్యాన్నీ నేను తేలిగ్గా తీసుకోలేకపోతున్నాను.

దీనికి ఎదురు వైపు నుంచి ఆలోచించేవారూ ఉన్నారు. ప్రోస్టేట్ క్యాన్సర్ ముదిరి, నయం చేయడం ఇక కుదరని రోగుల్లో, అమెరికాలో గేటన్‌బీ బృందం మందును కావాలనే ఆపి ఆపి ఇచ్చి చూసింది. లొంగే కణాలను కొన్ని బతకనిస్తే, లొంగనివాటిని అవే ఒత్తి ఉంచుతాయని ఆలోచన. 2017లో వచ్చిన తొలి ఫలితాలు ఆశ కలిగించాయి. ఆ ఆలోచన పురుగుల నివారణ నుంచే వచ్చింది. 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల నాన్ బీటీ ప్యాకెట్ ఇచ్చి, గట్టు చుట్టూ వేయమన్నది లొంగే పురుగులను కొన్ని బతకనివ్వడానికే. “అది మేం ఎవరం వేయలేదు సార్” అన్నారాయన. ఆమెది మాత్రం నయం చేయగల జబ్బు, అక్కడ ఆపి ఆపి ఇచ్చే పద్ధతికి చోటు లేదని చెప్పాను.

ఇద్దరం కలిసి డాక్టరు గారి దగ్గరికి వెళ్లాం. రక్త పరీక్ష రెండు రోజుల ముందు పరకాలలోనే చేయించి రిపోర్టు ఫోనులో పంపితే, ఇక్కడికి ఒక్క రోజు వస్తే చాలని డాక్టరు గారు చెప్పారు. కూలీలను ఆ ఒక్క రోజు ఆయన తమ్ముడు చూసుకునేలా మాట కుదిరింది.

ఇరవై ఒకటో రోజు ఉదయం, మొదటి బస్సుకు వచ్చారు. ఆమె చేతిలో కౌంటు కాగితం, ఆయన చొక్కా జేబు అంచున పత్తి పింజ ఒకటి అంటుకుని ఉంది. కౌంటు సరిపోయింది. నేను తెల్ల పొడి సీసాలో నీళ్లు పోసి, కరిగేదాకా ఆడించడం మొదలుపెట్టాను.